ఇరవై ఏడోసారి కొత్తగా చేరిన డీనీ

ఏటా ఆగస్టు మూడో సోమవారం పొద్దున తొమ్మిదింటికి బెర్నడీన్ యూరిక్ కొత్త ఉద్యోగుల తరగతిలో మొదటి వరస కుర్చీలో కూర్చుంటుంది. గుండెల మీద "హలో, నేను కొత్త!" అని అచ్చేసిన కాగితం బిళ్ళ అంటించుకుంటుంది. పక్కన కూర్చున్న పిల్లలకి పద్దెనిమిది, పందొమ్మిదేళ్లు. ఆమెకి అరవై ఒకటి. పాఠం చెప్పే అమ్మాయి పోయినేడే చదువు ముగించి సిబ్బంది ఆఫీసులో చేరింది. తెర మీద పెద్ద బట్టలుతికే మెషిన్ బొమ్మ వేసి, "తలుపు ఇలా తెరుచుకుంటుంది, ఇలా మూసుకుంటుంది, మూసేముందు చేతులు బయట పెట్టుకోవాలి" అని నెమ్మదిగా చెబుతుంది.

ఆ మెషిన్ డీనీదే. బెర్నడీన్ అంటే ఊళ్లో ఎవరికీ తెలియదు, అందరికీ డీనీ. ఆ బొమ్మలో మెషిన్ పక్కన అంచున సగమే పడిన మోచెయ్యి కూడా డీనీదే. ఆ ఫొటో తీసి పన్నెండేళ్లయింది.

"సందేహాలేమైనా ఉన్నాయా?"

"లేవమ్మా. చాలా బాగా చెప్పావు" అంటుంది డీనీ. ఏటా అంటుంది. మర్యాద కోసం కాదు, ఆ పిల్లకి నిజంగానే గొంతు వణుకుతుంటుంది గనక.

ఇది ఇరవై ఏడోసారి. ఒక్కసారి కూడా లేచి, "అమ్మాయ్, నువ్వు పుట్టక ముందు నుంచీ ఈ మెషిన్ తలుపు నేనే మూస్తున్నా" అనలేదు. ఇంటికెళ్లి మోకాలికి ఐసు పెట్టుకుంటూ చెల్లెలికి ఫోన్‌లో, "మళ్ళీ పాసయ్యానే" అనేది. అంతే.

సంగతేమిటంటే, పెన్సిల్వేనియా పడమటి కొండల్లో నది మలుపు మీదున్న సెయింట్ ఓస్విన్ యూనివర్సిటీలో డీనీది సీజను ఉద్యోగం. ఫుట్‌బాల్ జట్టు బట్టలు ఉతికే పని. (అక్కడి ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని, ఎదుటివాళ్ళని పడగొట్టి ఆడే ఆట.) ఆగస్టులో చేర్చుకుంటారు, ఆఖరి మ్యాచ్ బట్టలు ఉతికి ఆరేసి పెట్టెల్లో సర్దగానే తీసేస్తారు. మళ్ళీ ఆగస్టులో కొత్తగా చేర్చుకుంటారు. నిబంధనల పుస్తకంలో ఒక లైను ఉంది: సీజను మనిషి డిసెంబరు పదిహేనో తేదీన కూడా పనిలో ఉంటే ఆ రోజు నుంచి పర్మినెంటు. శీతాకాలం కూడా ఇన్సూరెన్సు ఉంటుంది. మోకాలి ఆపరేషన్ చేయించుకోవచ్చు. అన్నిటికన్నా మించి, ఆ కాగితం బిళ్ళ ఇంకెప్పుడూ అంటించుకోనక్కర్లేదు.

ఇతర యూనివర్సిటీల్లో బట్టలుతికేవాళ్ళకి ఇది సమస్యే కాదు. వాళ్ళ జట్లు ఏదో ఒక కూటమిలో, అంటే తమలో తాము పోటీ పెట్టుకునే యూనివర్సిటీల గుంపులో, ఉంటాయి. డిసెంబరు మొదటి శనివారం కూటమి ఫైనల్. తర్వాత దేశం మొత్తానికి విజేతని తేల్చే ప్లేఆఫ్స్. అది కాకపోతే ఏదో ఊళ్లో బౌల్ మ్యాచ్, అంటే ఫలానా కంపెనీ పేరు మీద జరిగే సెలవుల ఆట. కూటమివాళ్ళకి ఆ బౌల్స్‌లో సీట్లు ముందే రిజర్వు అయివుంటాయి. మురికికి లోటుండదు. పదిహేనో తేదీ దానంతటదే దాటిపోతుంది.

సెయింట్ ఓస్విన్ మాత్రం ఇండిపెండెంటు, ఏ కూటమిలోనూ లేదు. అరవై ఏళ్ల కిందట కూటమి విందులో అప్పటి యూనివర్సిటీ అధ్యక్షుడికి వంటగది తలుపు పక్కన కుర్చీ వేశారట. వడ్డించేవాడు వచ్చిపోయినప్పుడల్లా తలుపు ఆయన వీపుకి తగిలిందట. ఐదోసారి తగిలేసరికి లేచి, "మాకెవరి పొత్తూ అక్కర్లేదు" అని వచ్చేశాడు. ఆ కోపానికి ఊళ్లో విగ్రహం కూడా ఉంది. ఆయన వీపుకి తగిలిన తలుపు దెబ్బ అరవై ఏళ్ల తర్వాత డీనీ మోకాలికి తగులుతోందని మాత్రం ఏ విగ్రహం మీదా రాయలేదు.

ఒంటరి జట్టుకి ఫైనల్ ఉండదు. నవంబరు ఆఖరి శనివారంతో ఆట బంద్. సెయింట్ ఓస్విన్ పడవవాళ్ళు (నది ఊరు కాబట్టి జట్టుకి ఆ పేరు) మామూలుగా నాలుగో ఐదో మ్యాచ్‌లు గెలిచి ఊరుకుంటారు. అందుకే ఎవరూ ఇన్నాళ్లూ ఏమీ ఆశించలేదు.

కానీ ఈ ఏడాది పది గెలిచారు. రెండే ఓడారు.

డీనీ ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. మ్యాచ్ జరిగేటప్పుడు ఆమె స్టేడియం కింద నేలమాళిగలో ఉంటుంది. చినిగిన చొక్కా పైనుంచి వస్తే కుట్టి పంపాలి కదా. ఆమెకి ఆట మరకల్లో తెలుస్తుంది. మోకాళ్ల మీద గడ్డి పసరుంటే ముందుకి పడ్డాడు, వీపు మీదుంటే పడగొట్టారు. భుజం మీద తెల్ల సున్నం ఉంటే గీత దాకా వెళ్ళాడు. ఎనభై ఎనిమిదో నంబరు కుర్రాడు టీవీలో "నా శాయశక్తులా పోరాడాను" అని చెప్పిన రోజు అతని చొక్కా ఉతక్కుండానే మడతపెట్టి, దాని మీద చీటీ పెట్టింది: "నాన్నా, దీన్ని ఆదివారం ప్రార్థనకి కూడా వేసుకోవచ్చు." ఆ తర్వాతి వారం నుంచి ఎనభై ఎనిమిది చొక్కా బురద ముద్దై వచ్చేది.

ఈ ఏడాది అందరి చొక్కాలూ అలాగే వచ్చాయి. ఎంపిక కమిటీ వారం వారం ప్రకటించే జాబితాలో పడవవాళ్ళు పదకొండో స్థానానికి ఎక్కారు. ప్లేఆఫ్స్‌కి పన్నెండు జట్లు. డీనీ వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఎంపికైతే మ్యాచ్ డిసెంబరు ఇరవైన. పదిహేను కన్నా ఇరవై పెద్దది. ఇది చెల్లెలికి కూడా చెప్పలేదు, దిష్టి తగులుతుందని.

అప్పుడొచ్చింది డిసెంబరు మొదటి శనివారం. కూటముల ఫైనల్స్. పడవవాళ్ళకి ఆడటానికి ఎవరూ లేరు. ఊరు ఊరంతా టీవీల ముందు కూర్చుని ఇతరులు ఓడిపోవాలని మొక్కుకుంది. ఓడారు కూడా. కానీ ఆదివారం ఏమయిందో చూడండి.

వ్యాయామశాలలో జట్టంతా కుర్చీలేసుకుని కూర్చుంది. డీనీ కూడా ఇంటి నుంచి పెద్ద పాత్ర నిండా హలుష్కి, అదే వెన్నలో వేయించిన క్యాబేజీ నూడిల్సు, చేసి మోసుకొచ్చింది. టీవీ వాళ్ళు కుర్రాళ్ల మొహాల మీదికి కెమెరా తిప్పి ఉంచారు. తెర మీద ఒక్కో పేరూ వస్తోంది. కూటముల విజేతలు ఐదుగురికి తలుపు తెరిచే ఉంటుంది, వాళ్ళు వచ్చారు. మిగిలిన ఏడింటి కోసం కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. ముందు రోజు ఫైనల్లో మూడు పాయింట్ల తేడాతో ఓడిన జట్టు వచ్చింది. పద్నాలుగు పాయింట్ల తేడాతో ఓడిన జట్టు కూడా వచ్చింది. పన్నెండో పేరు వచ్చేసింది. పడవవాళ్ళు పదమూడు.

"మనం ఎవరి చేతిలో ఓడాం?" అన్నాడు కెప్టెన్ డిషాన్ మాబ్రీ. లైను మధ్యలో వంగి నిలబడి బంతిని వెనక్కి అందించే అరవై నాలుగో నంబరు, నూట నలభై కిలోల మనిషి.

"ఎవరి చేతిలోనూ కాదు. ఇంట్లో కూర్చున్నాం" అన్నాడు పక్కవాడు.

"కూర్చుంటే రెండు మెట్లు దిగుతామా? అయితే పడుకుంటే ఏమయ్యేదిరా?"

తెర మీద కమిటీ పెద్ద టై సర్దుకుని చెప్పాడు: "సెయింట్ ఓస్విన్ ఏ తప్పూ చేయలేదు. అయితే ఈ వారం ఒప్పు కూడా ఏమీ చేయలేదు. ఓడినవాళ్ళు కనీసం ఆడి ఓడారు."

కెమెరా అతను మెల్లగా మాబ్రీ దగ్గరికొచ్చి, "కొంచెం ఇంకా బాధగా కూర్చుంటావా బ్రదర్? నోట్లో నూడిల్సు ఉంటే బాధ సరిగా కనబడటం లేదు" అన్నాడు.

"నూడిల్సు బాగున్నాయి. బాధ కూడా ఉంది. రెండూ ఒకే నోరు. నేనేం చెయ్యను?" అన్నాడు మాబ్రీ.

డీనీ ఖాళీ పాత్ర తీసుకుని నేలమాళిగలోకి దిగిపోయింది.

అరగంటలో కోచ్‌కి ఫోన్ వచ్చింది. ఒక పరుపుల కంపెనీ బౌల్ మ్యాచ్‌కి పిలుపు. డిసెంబరు ఇరవై రెండున, దక్షిణాన ఎక్కడో. గెలిచిన జట్టుకి తలా ఒక దిండు. కోచ్ గాంట్నర్ కుర్రాళ్లనే తేల్చుకోమన్నాడు. దుస్తులు మార్చుకునే గదిలో ఓటింగు పెట్టారు. ఆ గది గాలి గొట్టం తిన్నగా డీనీ మెషిన్ల మీదికి దిగుతుంది, ప్రతి మాటా వినబడుతుంది.

"ప్లేఆఫ్స్‌కి పనికిరాని వాళ్ళం దిండ్లకి పనికొస్తామా?"

"మనకీ సిగ్గుంది."

"ఛీ కొట్టండి. దేశమంతా చూడనీ."

చప్పట్లు. అందరిదీ ఒకే మాట. వద్దు.

డీనీ ఆ చప్పట్లు విని ఆరో మెషిన్ నీటి గొట్టం కట్టేసింది. తర్వాత ఐదోది. కుర్రాళ్ల పౌరుషం ఆమెకి ముచ్చటగానే ఉంది. ఆమె మోకాలికి మాత్రం లేదు.

మూడో మెషిన్ దగ్గరున్నప్పుడు మాబ్రీ వచ్చాడు, తన నంబరు బిళ్ళ ఉన్న పట్టీ తిరిగి ఇవ్వడానికి. మేజోళ్ళూ లోదుస్తులూ ఆ పట్టీకి గుచ్చి ఉతుకుతారు, లేకపోతే వంద మంది మేజోళ్ళు కలిసిపోతాయి. బల్ల మీద ఒక ఫారం కనబడింది. పైన డీనీ పేరు. కింద 'ఆఖరి రోజు: డిసెంబరు 8.'

"రేపా? మిస్ డీనీ, రిటైరవుతున్నారా?"

"లేదు నాన్నా. రిటైరవ్వాలంటే ముందు ఉద్యోగం ఉండాలిగా."

"అదేంటండీ?"

చెప్పింది. ఇరవై ఏడు ఆగస్టులూ, కాగితం బిళ్ళ, పదిహేనో తేదీ. మాబ్రీ వింటూ వింటూ మెషిన్ మీద కూర్చున్నాడు. మెషిన్ మూలిగింది.

"మరి మేం ఓట్లేసేటప్పుడు చెప్పొచ్చుగా! గొట్టంలోంచి ఒక్క కేకేస్తే చాలదా!"

"మీ ఓటింగులో నేనెవర్ని? నన్నడిగారా?"

"అడగాలని మాకేం తెలుసు?"

"నాకూ చెప్పాలని తెలీలేదులే. లే, మెషిన్ వంగిపోతోంది."

నూట నలభై కిలోలు మెట్ల మీద అంత వేగంగా ఎక్కడం ఆ భవనం ఎప్పుడూ చూడలేదు. జట్టుని మళ్ళీ పోగేశాడు. మళ్ళీ ఓటింగు. మళ్ళీ ఏకగ్రీవం, ఈసారి వెళ్దామని. కోచ్ ఫోన్ చేశాడు. పరుపులవాళ్ళు చాలా మర్యాదగా చెప్పారు: మీరు కాదన్న నలభై నిమిషాలకే ఇంకో జట్టు ఒప్పుకుంది. ఐదు గెలిచి ఏడు ఓడిన జట్టు. కూటమిలో ఉంది.

"దిండు కూడా పోయింది" అన్నాడు ఎనభై ఎనిమిది.

అప్పుడు మాబ్రీకి ఆలోచన వచ్చింది. ఇది ఒంటరి జట్టు కెప్టెన్‌కి తప్ప ఇంకెవరికీ రాదు.

"ఆఖరి మ్యాచ్ బట్టలు ఉతికేదాకా మిస్ డీనీకి పనుంటుంది. అంతే కదా? అయితే ఆఖరి మ్యాచ్ ఇంకా అవ్వలేదు. వచ్చే శనివారం, పదమూడున. వంద మంది బట్టలు ఉతికేసరికి పదిహేను దాటుతుంది."

"ఎవరితో?"

"మనతో. అసలు జట్టుకీ బెంచీ జట్టుకీ. ఇండిపెండెంట్ల ఫైనల్. మన కూటమిలో మనమే ఉన్నాం, ఫైనల్ మనమే పెట్టుకుంటాం. ఎవరడుగుతారు?"

కోచ్ గాంట్నర్ పైకప్పు వంక చాలాసేపు చూశాడు. "నేనేమీ వినలేదు" అన్నాడు. "కానీ మధ్యాహ్నం ఒంటిగంటకి పెడితే వెలుతురు బాగుంటుంది."

సోమవారం పొద్దున్నే మాబ్రీ సిబ్బంది ఆఫీసుకి వెళ్ళి మ్యాచ్ కాగితం ఇచ్చాడు: సెయింట్ ఓస్విన్ వర్సెస్ సెయింట్ ఓస్విన్. ఆఫీసర్ ప్రూయిట్ కళ్లజోడు పైకి జరిపి రెండు పేర్లూ చదివాడు, అచ్చుతప్పేమోనని. మ్యాచ్ ఉంది కాబట్టి సీజను ముగిసిందని అనలేడు. డీనీ ఫారం పక్కన పెట్టాడు.

శనివారానికి మంచు కురిసి కరిగి మైదానం బురద గుంట అయింది. ఊరంతా వచ్చింది. సగం మందికి విషయం తెలిసి, సగం మందికి సాసేజ్ వాసన వచ్చి. మాబ్రీ నేలమాళిగలోకి వెళ్ళి డీనీని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఆటగాళ్ల బెంచీ మీద దుప్పటి కప్పి కూర్చోబెట్టాడు. ఇరవై ఏడేళ్లలో ఆమె చూసిన మొదటి మ్యాచ్ అది.

బంతి మొదటిసారి కదలగానే నలుగురు బురదలో పడి దొర్లారు. డీనీ లేచి నిలబడింది.

"ఒరేయ్! ఎందుకురా అలా దొర్లుతారు? అవి తెల్ల ప్యాంట్లురా!"

"మిస్ డీనీ, ఆటంటే ఇదేనండీ" అన్నాడు కోచ్.

"ఇన్నాళ్లూ ఇలా చేసేనా వీళ్ళు నాకు పంపిస్తున్నది? అటు పక్కన పచ్చిక ఉందిగా, అక్కడ పడమనండి! ఎనభై ఎనిమిదీ! నిన్ను కాదు నాన్నా, నువ్వు బాగానే పడుతున్నావు. ఆ బంతి వదిలెయ్యరా, ఇచ్చేయ్ వాడికి, చొక్కా చిరుగుతోంది!"

రెండో సగానికి ఊరి జనం ఆట చూడటం మానేసి ఆమెనే చూశారు. ఏ జట్టువాడు పడినా ఊరంతా ఒక్క గొంతుతో "తెల్ల ప్యాంట్లురా!" అని అరిచింది.

అసలు కష్టం చివర్లో వచ్చింది. మూడు నెలలుగా ఆడే అవకాశం రాని బెంచీ కుర్రాళ్లు ప్రాణాలొడ్డి ఆడారు. అసలు జట్టు పాస్ ఇచ్చే కుర్రాడు ఎటు విసరబోతాడో వాళ్ళకి కంఠతా వచ్చు, వారం వారం ప్రాక్టీసులో వాడి చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళే కదా. ఇరవై, పదిహేడు. పడవవాళ్ళు పడవవాళ్ళ చేతిలో ఓడిపోయారు.

మర్నాడు రేడియోలో ఒకడు తెగ నవ్వాడు: "కమిటీ సరిగ్గానే పక్కన పెట్టింది. వీళ్ళు వీళ్లనే గెలవలేరు." ఇంకొకడు, "కాదు, వీళ్ళని ఓడించగలిగింది వీళ్ళే. పన్నెండులో ఉండాల్సింది" అన్నాడు. రెండు గంటలు కొట్టుకున్నారు. ఆ బట్టలు ఎవరు ఉతుకుతున్నారని ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు.

డీనీ ఉతుకుతోంది. ఆదివారం, సోమవారం, మంగళవారం. ఆరు మెషిన్లూ తిరుగుతూనే ఉన్నాయి. సోమవారం, అంటే పదిహేనో తేదీన, హాజరు మెషిన్లో కార్డు పెట్టినప్పుడు అది మామూలుగానే కిర్రుమంది. బాకాలేమీ మోగలేదు. కానీ డీనీ ఆ కిర్రు చప్పుడు చెల్లెలికి ఫోన్‌లో నోటితో చేసి వినిపించింది.

మంగళవారం సాయంత్రం ప్రూయిట్ పిలిచాడు.

"చూడండి బెర్నడీన్. పదమూడున జరిగింది మ్యాచ్ కాదు. ప్రత్యర్థి లేడు. ఏ కూటమీ గుర్తించలేదు. కాబట్టి మీ సీజను ఎనిమిదో తేదీతోనే ముగిసింది. ఇందులో మీ తప్పేమీ లేదు."

తప్పేమీ లేదు. ఈ మాట ఆమె ఎక్కడో విన్నది. టై సర్దుకుంటూ టీవీలో ఒకాయన అన్నాడు.

ఇరవై ఏడేళ్లుగా "బాగా చెప్పావమ్మా" అన్న డీనీ ఈసారి అనలేదు. కిందికి వెళ్ళి ఇంకా ఉతకని అరవై నాలుగో నంబరు చొక్కా తెచ్చి ప్రూయిట్ బల్ల మీద పరిచింది. బురద కారి ఆయన క్యాలెండరు మీదికి వెళ్ళింది, సరిగ్గా డిసెంబరు మీదికి.

"మ్యాచ్ కాదన్నారుగా సార్. మరి ఇదేంటో చెప్పండి. వీపు మీద మూడు మరకలు, అంటే మూడుసార్లు పడగొట్టారు. ఎవరూ లేకపోతే ఎవరు పడగొట్టారు? ఇక్కడ చిరిగింది. ఇది గుర్తింపు ఉన్న కూటమి చింపిందా, లేని కూటమి చింపిందా? నేను ఉతికేటప్పుడు సబ్బుకి ఆ తేడా తెలియడంలేదు సార్. ఎనిమిదో తేదీ నుంచి నేను పనిలో లేనంటారు. అయితే పదిహేనున మీ ఆరు మెషిన్లూ ఎవరు తిప్పారు? మీ బొమ్మలో ఉన్న నా మోచెయ్యా?"

ప్రూయిట్ బురద వంక చూశాడు, ఆమె వంక చూశాడు. చెడ్డవాడు కాడు. నిబంధనల పుస్తకంలో లేనిది చూస్తే ఆయనకి చెమటలు పడతాయి, అంతే. "దీన్ని కమిటీకి పంపిస్తాను" అన్నాడు.

"ఇక్కడా కమిటీయేనా?" అంది డీనీ.

అవును, ఇక్కడా కమిటీయే. ముగ్గురు సభ్యులు. వాళ్ళలో ఎవరూ ఎప్పుడూ ఆ నేలమాళిగలోకి దిగలేదు. జనవరి ఇరవైన కూర్చుని, పదమూడో తేదీ ఆట ఆటా కాదా తేలుస్తారు. ఆట అంటే డీనీ పర్మినెంటు, మోకాలికి ఆపరేషన్. కాదంటే ఆగస్టులో ఇరవై ఎనిమిదోసారి తలుపు ఇలా తెరుచుకుంటుంది, ఇలా మూసుకుంటుంది. మాబ్రీ ఆ చొక్కా ఉతకనివ్వలేదు. సంచీలో కట్టి సాక్ష్యంగా దాచాడు. వాసన భరించలేక అతని గదిలో ఉండే మిత్రుడు వేరే చోటికి మారాడు.

చదివిన మీకు నాదొక మనవి. ఆ కమిటీ ఉత్తరాలు తీసుకుంటుంది. ఒక్క పేజీ రాయండి. పడవవాళ్ళు పన్నెండులో ఉండాలా పదమూడులో ఉండాలా అన్న గొడవ వద్దు, ఆ గొడవకి మనుషులు కావలసినంత మంది ఉన్నారు. ఒకే ఒక్క ప్రశ్న అడగండి: డిసెంబరు పదిహేనున ఆరు మెషిన్లు తిరిగాయా లేదా? తిరిగితే వాటిని తిప్పిన మనిషి ఆ రోజు పనిలో ఉన్నట్టా లేనట్టా?

ఉత్తరం పోస్టు చేసి వస్తూ మీరు పనిచేసే చోట కూడా ఒకసారి చూడండి. మీ ఆఫీసు ఊడ్చే మనిషి, మీ ఆస్పత్రి దుప్పట్లు ఉతికే మనిషి, మీ కాలేజీ హాస్టల్లో వంట చేసే మనిషి ఎన్నేళ్లుగా అక్కడ కొత్తగా చేరుతున్నారో కనుక్కోండి. కనుక్కోవడానికి కమిటీ అక్కర్లేదు. మాబ్రీ అడిగినట్టు అడిగితే చాలు. కాకపోతే మీరు ఓటు వేసేశాక కాదు, వేసే ముందు అడగండి.